మాజ్దా మియాటాకు పొట్టి స్ప్రింగులు వేసి ఎత్తు తగ్గించడం, ఆ తర్వాత చక్రాల అమరిక సరిచూసుకోవడం ఎలా?

1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి జనం ముందుకు వచ్చి, 1997 వరకు తయారైన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5, అంటే అమెరికాలో మియాటా అని పిలిచే కారు, సుమారు ఒక టన్ను బరువుండే చిన్న స్పోర్ట్స్ కారు. ఇంజను ముందు, దాని శక్తి అందేది వెనుక చక్రాలకు, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి కిందొకటి రెండు చేతుల్లాంటి ఆర్మ్‌లు (విష్‌బోన్లు) పట్టుకుని ఉంటాయి. భారతదేశపు షోరూముల్లో ఇది దొరకలేదు గానీ, అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఉంటూ సెలవు రోజున సొంత గరాజ్‌లో పానాలు పట్టుకునే తెలుగువారికి సస్పెన్షన్ పని నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన కారు నాకు తెలిసి లేదు. దీని చక్రాల కోణాలన్నింటినీ కంపెనీ పెట్టిన బోల్టులతోనే సరిచేసుకోవచ్చు. కొత్త భాగాలు కొనవలసిన అవసరం రాదు. అందుకే ఈ వివరణకు దీన్నే ఎంచుకున్నాను. మీ కారు వేరేదైనా పని వరుస ఇదే, బోల్టులు ఉండే చోట్లు మాత్రం మారతాయి.

ఒక విషయం మొదటే స్పష్టంగా చెప్పుకోవాలి. స్ప్రింగులు మార్చడం ఒక్క రోజు పని. కారు ఎత్తు 30 మిల్లీమీటర్లు తగ్గిందంటే నాలుగు చక్రాలూ నేలను తాకే కోణాలు మారిపోయాయని అర్థం కనుక, ఈ పని కొలతలతో మొదలై కొలతలతోనే ముగియాలి. స్ప్రింగులు వేసి, కారు చూడటానికి బాగుందని అలైన్‌మెంట్‌ను వాయిదా వేసేవారు కారును మెరుగుపరచినట్లు కాదు.

ఎత్తు తగ్గితే ఏం మారుతుంది?

కారు గరిమనాభి కిందికి దిగుతుంది. మలుపులో బరువు ఒక పక్కకు ఒరగడం కొంత తగ్గుతుంది. ఇది లాభం. అయితే అదే సమయంలో విష్‌బోన్లు తమ పాత వాలును వదిలి, లోపలి చివర కిందికి దిగి, బయటి చివర పైకి లేచిన స్థితికి జరుగుతాయి. పై విష్‌బోన్ కింది దానికంటే పొట్టిది కనుక చక్రం పై అంచు లోపలికి వాలుతుంది, అంటే క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం) మరింత మైనస్ వైపు వెళ్తుంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ తిరిగే వృత్తం, విష్‌బోన్ తిరిగే వృత్తం అచ్చంగా ఒకటి కావు కనుక టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా మారుతుంది. రోల్ సెంటర్, అంటే మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, గరిమనాభి కంటే ఎక్కువ దూరం కిందికి దిగుతుంది. దానివల్ల కారును ఒరగదోసే మీట పొడవు పెరుగుతుంది. అందుకే పొట్టి స్ప్రింగు పాతదానికంటే గట్టిగా కూడా ఉండాలి. పాత స్ప్రింగులను కోసి పొట్టి చేయడం, వేడిచేసి కూర్చోబెట్టడం వంటి పనులు ఎవరు ఎంత చవకగా చేసిపెడతామన్నా ఒప్పుకోకండి. వేడి తగిలిన స్ప్రింగు ఉక్కు తన గుణాన్ని పోగొట్టుకుంటుంది.

వీటన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది, షాక్ అబ్జార్బర్ పైకి కదలడానికి మిగిలే జాగా. మొదటి తరం మియాటాలో ఆ జాగా కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే తక్కువ. మీరు తగ్గించే ప్రతి మిల్లీమీటరూ దానిలోంచే పోతుంది. జాగా చాలకపోతే చిన్న గుంతకే కారు బంప్ స్టాపర్ (షాకు కదలికను చివర్లో ఆపే నురుగు దిమ్మె) మీద పడి ఎగురుతుంది. మలుపు మధ్యలో అలా జరిగితే ఆ మూలలో పట్టు ఒక్కసారిగా పోతుంది. కాబట్టి ముందు చక్రం హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు సుమారు 330 మిల్లీమీటర్లు, అంటే 13 అంగుళాలు ఉండేలా, వెనుక దానికంటే కాస్త ఎక్కువగా ఉండేలా లక్ష్యం పెట్టుకోండి. 12.5 అంగుళాల కంటే కిందికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను.

డబ్బు ఖర్చు పెట్టేముందు

స్ప్రింగులు ఆర్డరు చేయడానికి ముందే కారు కింద దూరి క్యామ్ బోల్టులను పరీక్షించండి. కింది విష్‌బోన్లు లోపలి చివర చట్రానికి కలిసేచోట, ఒక్కో మూలకు రెండేసి చొప్పున, తలకాయ దగ్గర గీతలు గీసిన గుండ్రని పళ్ళెం ఉన్న బోల్టులు కనిపిస్తాయి. ఆ పళ్ళెం మధ్యలో కాక ఒక పక్కకు జరిగి ఉంటుంది. బోల్టును తిప్పితే విష్‌బోన్ లోపలికో బయటికో జరుగుతుంది. అలైన్‌మెంట్ అంతా ఈ ఎనిమిది బోల్టుల మీద, ముందున్న రెండు టై రాడ్ల మీద ఆధారపడి ఉంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీ వంటి చోట్ల తిరిగిన కార్లలో ఈ బోల్టులు బుష్ (కీలు దగ్గరుండే రబ్బరు తొడుగు) లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి. టెక్సస్, కాలిఫోర్నియా కార్లలో ఈ బెడద చాలా తక్కువ. పళ్ళెం ఉన్న స్థానాన్ని పెయింటుతో గుర్తుపెట్టి, నట్టును వదులుచేసి, బోల్టును కొద్దిగా అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ గుర్తు దగ్గరికే తెచ్చి బిగించండి. కదలకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేసి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే మీ మొదటి ఖర్చు స్ప్రింగులు కాదు, కొత్త క్యామ్ బోల్టులూ బుష్‌లూ. సరిచేయడానికి వీల్లేని అమరిక ఉన్న కారును కిందికి దింపడం డబ్బు పెట్టి టైర్లను పాడుచేసుకోవడమే.

తర్వాత షాక్ అబ్జార్బర్లు. మూడు దశాబ్దాల నాటి అసలు షాకులు ఇంకా కారు మీదే ఉంటే, గట్టి స్ప్రింగులను అదుపు చేసే శక్తి వాటికి మిగిలి ఉండదు. నూనె కారిన జాడ ఉన్నా, మూల నొక్కి వదిలినప్పుడు కారు ఒకసారికి మించి ఊగినా వాటిని కూడా మార్చండి. కోనీ స్పోర్ట్, బిల్‌స్టైన్ ఈ కారుకు చాలాకాలంగా వాడుకలో ఉన్నవి. కోనీలో స్ప్రింగు కూర్చునే పళ్ళేన్ని వేర్వేరు గాడుల్లో పెట్టుకునే వీలుంది. దానివల్ల స్ప్రింగు మార్చకుండానే ఎత్తును కొంత సరిచేసుకోవచ్చు. స్ప్రింగుల్లో ఐబాక్, హెచ్ అండ్ ఆర్, రేసింగ్ బీట్ సంస్థలవి పేరున్నవి. ఏది కొన్నా అది ఎంత ఎత్తు తగ్గిస్తుందో, బంప్ స్టాపర్లు పొట్టివి వేయమంటుందో లేదో దాని పత్రంలో చదవండి. స్టాపర్లు, స్ప్రింగు పైనుండే రబ్బరు పళ్ళేలు, షాక్ కడ్డీ నట్టులు కొత్తవి తెప్పించుకోండి. పాత స్టాపరు నురుగు చేత్తో నలిపితే పొడిగా రాలిపోవడం ఈ కార్లలో మామూలే.

చట్టం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. జర్మనీలో ఇటువంటి మార్పును టీయూవీ వంటి తనిఖీ సంస్థ ఆమోదించాలి. అక్కడి తయారీదారులు స్ప్రింగులతోపాటు ఇచ్చే ధ్రువపత్రాన్ని పారేయకండి. అమెరికాలో రాష్ట్రానికో నియమం. ఎక్కడైనా బీమా సంస్థకు ముందుగా తెలియజేయడం మంచిది. భారతదేశంలో మరేదైనా కారుకు ఈ పని చేయదలచినవారు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి, ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తర్వాతే ముందుకు వెళ్ళాలి.

పనిముట్లు

కనీసం రెండు టన్నుల ట్రాలీ జాకీ, నాలుగు జాకీ స్టాండులు, టార్క్ రెంచి, పొడవైన పిడి, 14, 17, 19, 21 సైజు సాకెట్లు, అదే సైజుల్లో పానాలు, మంచి రకం స్ప్రింగు కంప్రెసర్ జత, తుప్పు వదిలించే నూనె, పెయింటు మార్కరు. కొలతలకు స్టీలు స్కేలు, రసమట్టం, నైలాన్ దారం, తూకపు గుండు లేదా కోణం చూపే డిజిటల్ గేజి. మీ కారు సంవత్సరానికి చెందిన వర్క్‌షాప్ మాన్యువల్ తప్పనిసరిగా దగ్గర పెట్టుకోండి. ప్రతి బోల్టు బిగింపు అంకెనూ అందులోంచే తీసుకోవాలి. ఇక్కడ చక్రం నట్టుల అంకె ఒక్కటే ఇస్తున్నాను: 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు.

పని మొదలుపెట్టే ముందు కొలతలు

కారును చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు మూలలా హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకు ఉన్న ఎత్తు రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి ఒత్తిడి ఆ అంకెలో కలిసిపోతాయి. హబ్ నుంచి కొలిస్తే కలవవు. కుడి ఎడమల మధ్య తేడా ఎంతుందో ఇప్పుడే గమనించండి. పాత కారులో కొన్ని మిల్లీమీటర్ల తేడా వింత కాదు. ముందే తెలిస్తే రేపు దానికి కొత్త స్ప్రింగులను తప్పుపట్టరు. వీలైతే ఈ దశలోనే ఒకసారి అలైన్‌మెంట్ కేంద్రంలో ప్రస్తుత అంకెల కాగితం తీసుకోండి. ఎత్తు తగ్గించాక వచ్చే అంకెలను పోల్చడానికి అది ఉపయోగపడుతుంది.

కారును పైకి లేపడం

ముందుభాగాన్ని మధ్యలోని క్రాస్ మెంబర్ దగ్గర, వెనుకభాగాన్ని డిఫరెన్షియల్ దగ్గర జాకీతో లేపి, స్టాండులను మాన్యువల్ చూపిన చోట్ల పెట్టండి. నాలుగు స్టాండుల మీద నిలిపాక చేత్తో గట్టిగా తోసి చూడండి. కదిలితే దింపి మళ్ళీ పెట్టండి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కిందికి చేయి కూడా పెట్టకూడదు. విప్పిన చక్రాలను కారు అంచుల కింద పడుకోబెట్టి ఉంచడం మంచి అలవాటు.

ముందు షాకులు బయటికి తీయడం

యాంటీ రోల్ బార్ (మలుపులో ఒరుగును తగ్గించడానికి కుడి ఎడమ చక్రాలను కలిపే కడ్డీ) లింకులను రెండు వైపులా విప్పండి. ఒక వైపే విప్పితే రెండో వైపు చక్రం బరువు బార్ ద్వారా ఈ వైపు విష్‌బోన్‌ను పైకి పట్టి ఉంచుతుంది, పని రెట్టింపు అవుతుంది. తర్వాత షాక్ కింది బోల్టు తీయండి. బానెట్ కింద ఒక్కో షాకుకు రెండు నట్టులు ఉంటాయి, వాటిని వదులు చేయండి గానీ ఇంకా పూర్తిగా తీయకండి. షాకు మధ్యలో కనిపించే పెద్ద నట్టును మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. స్ప్రింగు బలాన్ని బంధించి ఉంచేది అదే.

షాకు బయటికి రావడానికి జాగా కావాలి. విష్‌బోన్‌ను హబ్‌కు కలిపే బాల్ జాయింటును ఊడగొట్టి జాగా చేసుకునేవారున్నారు గానీ, దాని రబ్బరు తొడుగు చిరిగే ప్రమాదం ఎక్కువ. పై విష్‌బోన్‌ను లోపలి చివర పట్టుకుని ఉండే పొడవైన బోల్టును లాగేసి, విష్‌బోన్‌తో సహా హబ్‌ను బయటికి వాల్చడం శుభ్రమైన పద్ధతి. అలా వాల్చేముందు హబ్‌ను తీగతోనో తాడుతోనో చట్రానికి కట్టండి. బ్రేకు గొట్టం మీద బరువు పడకూడదు. ఏబీఎస్ ఉన్న కారైతే దాని తీగను క్లిప్పుల నుంచి విడిపించండి. ఇప్పుడు పై నట్టులు తీసి షాకును కిందికి దించుకోవచ్చు.

స్ప్రింగు మార్చడం

ఈ మొత్తం పనిలో మనిషికి దెబ్బ తగిలే అవకాశం ఎక్కువగా ఉన్న ఘట్టం ఇదే, కనుక ఇక్కడ తొందర పనికిరాదు. ముందుగా పైభాగపు పళ్ళెం మీది బోల్టులు, కింది కన్ను ఒకదానికొకటి ఏ దిశలో ఉన్నాయో షాకు పొడవునా పెయింటు గీతతో గుర్తుపెట్టండి. తిరిగి కూర్చేటప్పుడు ఈ దిశ తప్పితే షాకు కారులో కూర్చోదు; బలవంతంగా కూర్చోబెడితే కింది రబ్బరు బుష్ మెలిపడిపోతుంది. కంప్రెసర్ కొక్కేలను స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించి, ఒకదాన్ని కొంత, రెండోదాన్ని అంతే, మార్చి మార్చి చేతి పానాతోనే బిగించండి. గాలితో నడిచే ఇంపాక్ట్ రెంచి వాడకండి. స్ప్రింగు పై పళ్ళెం నుంచి వదులై చేత్తో కదిలేదాకా బిగించాక మాత్రమే కడ్డీ నట్టును విప్పాలి. విప్పుతున్నంతసేపూ షాకు నిలువు దిశకు ఎదురుగా మీ ముఖం గానీ మరెవరైనా గానీ ఉండకూడదు.

విడదీసిన భాగాలను వచ్చిన వరుసలోనే నేల మీద పేర్చి ఫోటో తీసుకోండి. కొత్త స్ప్రింగుల మీద ముందువి, వెనుకవి అని గుర్తులుంటాయి, సరిచూసుకోండి. అక్షరాలు నిటారుగా చదవగలిగేలా స్ప్రింగు నిలబెడితే సాధారణంగా అది సరైన దిశ. స్ప్రింగు కింది చివర పళ్ళెంలోని మెట్టుకు తగిలి కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. కొత్త స్టాపరు, దుమ్ము తొడుగు, రబ్బరు పళ్ళెం, పైభాగం, వాషరు అదే వరుసలో పెట్టి, మీరు గీసిన గీత కలిసేలా తిప్పి, కొత్త నట్టుతో మాన్యువల్ చెప్పిన బిగింపుకు బిగించండి. నట్టు బిగించేటప్పుడు కడ్డీ తిరగకుండా పట్టుకోవాలి, కానీ నున్నని భాగాన్ని పట్టుకారుతో పట్టుకోకూడదు. అక్కడ పడిన చిన్న గీత కూడా సీలును కోసి నూనె కార్చేస్తుంది.

వెనుక షాకులు

పద్ధతి అదే. పై నట్టులు డిక్కీలో తివాచీ వెనుక ఉంటాయి. బ్యాటరీ కూడా డిక్కీలోనే కుడివైపు ఉంది కనుక పని మొదలుపెట్టే ముందు దాని నెగెటివ్ తీగ తీసేయండి. పెట్రోలు పోసే గొట్టం ఉన్న వైపు చేయి దూరడం కష్టం. పొడవైన ఎక్స్‌టెన్షన్ ఉంటే పని తేలికవుతుంది. హబ్‌ను కింది విష్‌బోన్‌తో కలిపే పొడవైన బోల్టు తేలికగా వస్తే తీసేయండి. పట్టేసి ఉంటే సుత్తితో బాది మరను పాడుచేయకండి. రెండు వైపులా బార్ లింకులు విప్పి, ఒకరు పొడవైన కడ్డీతో కింది విష్‌బోన్‌ను అదిమి పట్టుకుంటే రెండోవారు షాకును బయటికి లాగవచ్చు.

బుష్‌లను ఏ ఎత్తులో బిగించాలి?

అన్నీ తిరిగి కూర్చాక బోల్టులను ఇప్పుడే పూర్తిగా బిగించకండి. ఈ కారులోని రబ్బరు బుష్‌లకు లోపలి గొట్టం, రబ్బరు, బయటి గొట్టం ఒకదానికొకటి అతికి ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం చట్రానికి పట్టేస్తుంది. ఆ తర్వాత విష్‌బోన్ కదిలినప్పుడల్లా రబ్బరు మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు కిందికి దిగి మామూలుగా నిలిచిన స్థితిలో కూడా రబ్బరు మెలితిరిగే ఉంటుంది. దానివల్ల కారు అనుకున్నంత కిందికి దిగదు, నాలుగు మూలలా ఎత్తు నాలుగు రకాలుగా వస్తుంది, కొన్ని నెలల్లో రబ్బరు చిరుగుతుంది. కొత్త స్ప్రింగులు సరిగా దిగలేదని బాధపడేవారిలో చాలామంది చూసుకోవలసిన చోటు ఇదే.

కాబట్టి బోల్టులను చేతి బిగింపులో ఉంచి, చక్రాలు తగిలించి, కారును వెడల్పాటి చెక్క దిమ్మెల మీదికో ర్యాంపుల మీదికో నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండేలా దించండి. ముందూ వెనుకా గట్టిగా నొక్కి ఊపండి. అప్పుడు కిందికి దూరి షాక్ కింది బోల్టులు, విష్‌బోన్ల లోపలి బోల్టులు మాన్యువల్ అంకెలకు బిగించండి. మీరు విప్పని విష్‌బోన్ బోల్టులను కూడా ఒకసారి వదులు చేసి మళ్ళీ బిగించాలి, ఎందుకంటే అవి పాత ఎత్తుకు బిగించినవి. బార్ లింకులను చివర్లో తగిలించండి. ఇది విసుగు పుట్టించే పని, అయినా వదిలేయవద్దు.

ఇంటి దగ్గరే అలైన్‌మెంట్ కొలవడం

కొత్త స్ప్రింగులు స్థిరపడటానికి 300 నుంచి 500 కిలోమీటర్లు నడపాలి. తుది అలైన్‌మెంట్ ఆ తర్వాతే. అయితే ఆ దూరం నడపడానికి ముందు ఇంట్లోనే టో కొలిచి స్థూలంగా సరిచేయడం అవసరం. ఎత్తు మారినప్పుడు అది ఎంత దూరం జరిగిందో కంటికి తెలియదు.

గరాజ్ నేల తరచుగా తలుపు వైపు వాలుగా ఉంటుంది. తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టంతో నాలుగు చక్రాల కింది మట్టం చూసి, తగ్గిన చోట పలుచని పలకలు వేసి సరిచేయండి. ప్రతి చక్రం కింద రెండు నున్నని టైల్స్ మధ్య గ్రీజు పూసి పెడితే సర్దుబాటు చేసినప్పుడు చక్రం పక్కకు జారగలుగుతుంది. టైరు గాలి ఈ కారుకు అసలు సైజు టైర్లతో 26 పీఎస్ఐ. ట్యాంకు సగం నిండి ఉండాలి. డ్రైవరు సీటులో మీ బరువుకు సమానమైన ఇసుక సంచులు పెట్టండి. ఇంత తేలికైన కారులో ఒక మనిషి బరువు కొలతను కనిపించేంతగా మారుస్తుంది.

క్యాంబర్ కొలవడానికి డిజిటల్ గేజి లేకపోతే తూకపు గుండు చాలు. దారాన్ని చక్రం పక్కన హబ్‌కు నేరుగా వేలాడదీసి, రిమ్ము పై అంచు నుంచి, కింది అంచు నుంచి దారానికి ఉన్న దూరాలు కొలవండి. 14 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకు సుమారు 380 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, రెండు దూరాల తేడా 6.6 మిల్లీమీటర్లు ఉంటే అది ఒక డిగ్రీ. పై అంచు లోపలికి ఉంటే మైనస్. రిమ్ము వంకరగా ఉండవచ్చు కాబట్టి చక్రాన్ని అర చుట్టు తిప్పి మళ్ళీ కొలిచి, రెండింటి సగటు తీసుకోండి.

టో కొలవడానికి కారుకు ఇరువైపులా, హబ్ ఎత్తులో, ముందు నుంచి వెనుకకు రెండు దారాలు బిగించి కట్టండి. దారాల మధ్య దూరం కారు ముందూ వెనుకా ఒకటే ఉండాలి, ఎడమ హబ్ నుంచి ఎడమ దారానికి ఉన్న దూరం, కుడి హబ్ నుంచి కుడి దారానికి ఉన్న దూరం సమానంగా ఉండాలి. మియాటాలో వెనుక చక్రాల మధ్య వెడల్పు ముందుకంటే కాస్త ఎక్కువ కనుక ముందు హబ్బులు దారానికి కొంచెం దూరంగా కనిపిస్తాయి. అది తప్పు కాదు. ఇక ప్రతి రిమ్ము ముందు అంచు నుంచి, వెనుక అంచు నుంచి దారానికి దూరం కొలవండి. ముందు అంచు దారానికి దూరంగా ఉంటే టో లోపలికి, దగ్గరగా ఉంటే బయటికి. రిమ్ము మీద ఒక మిల్లీమీటరు తేడా సుమారు 0.15 డిగ్రీలు. అదే మిల్లీమీటరును టైరు బయటి వ్యాసం మీద కొలిస్తే 0.1 డిగ్రీ మాత్రమే అవుతుంది. ఎవరైనా మిల్లీమీటర్లలో అంకె చెబితే ఎక్కడ కొలిచినదో అడగండి.

సర్దుబాటు వరుస

వెనుక చక్రాలతోనే మొదలుపెట్టాలి. కారు ఏ దిశకు తోయబడుతుందో నిర్ణయించేవి అవే. వెనుక టో ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ ఉంటే కారు కొంచెం పీతలా పక్కకు నడుస్తుంది. ముందు చక్రాలను ఎంత సరిచేసినా స్టీరింగ్ వంకరగానే ఉంటుంది. వెనుక కింది విష్‌బోన్‌కున్న రెండు క్యామ్‌లనూ ఒకే వైపు జరిపితే క్యాంబర్, ఒకదానికొకటి ఎదురుగా జరిపితే టో మారుతుంది. ఒకటి మార్చితే రెండోది కొంత కదులుతుంది కనుక పళ్ళెం మీది ఒక్కో గీత చొప్పున జరుపుతూ, ప్రతిసారీ నట్టు బిగించి, కారును ముందుకూ వెనక్కూ కొద్దిగా దొర్లించి మళ్ళీ కొలవాలి.

ముందువైపు కూడా క్యామ్‌లను ఒకే దిశకు జరిపితే క్యాంబర్, ఎదురెదురుగా జరిపితే క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) మారుతుంది. క్యాస్టర్‌ను ఇంట్లో నమ్మకంగా కొలవడం కష్టం, దాన్ని అలైన్‌మెంట్ కేంద్రానికి వదిలేయండి. చివర్లో స్టీరింగ్‌ను నేరుగా కట్టేసి టై రాడ్లతో టో సరిచేయండి. లాక్ నట్టు విప్పి, రబ్బరు తొడుగు క్లిప్పు వదులుచేసి, రెండు వైపులా సమానంగా తిప్పాలి. క్లిప్పు వదులుచేయకపోతే తొడుగు మెలితిరిగి చిరుగుతుంది.

రోజువారీ రోడ్డు మీద నడిపే, 25 నుంచి 35 మిల్లీమీటర్లు దింపిన మియాటాకు నేను సూచించే అంకెలు ఇవి: ముందు క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ దగ్గర, క్యాస్టర్ 4.5 నుంచి 5 డిగ్రీలు, టో రెండు చక్రాలకూ కలిపి సున్నా నుంచి 1.5 మిల్లీమీటర్లు లోపలికి; వెనుక క్యాంబర్ మైనస్ 1.5 డిగ్రీలు, టో రెండూ కలిపి 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి. ఈ మిల్లీమీటర్లు టైరు వ్యాసం మీద చూసుకోవాలి. వెనుక క్యాంబర్ ముందుకంటే అర డిగ్రీ ఎక్కువ ఉంచడానికి కారణం భద్రత: పొట్టి వీల్‌బేసు, ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందే ఈ కారులో తడి రోడ్డు మీద మొదట పట్టు కోల్పోయేది వెనుక చక్రాలు కాకూడదు. రేస్ ట్రాక్ కోసం చెప్పే అంకెలను రోజూ ఆఫీసుకు నడిపే కారుకు పెట్టకండి.

చాలామంది మైనస్ క్యాంబర్‌ను చూసి భయపడతారు, టోను పట్టించుకోరు. లెక్క వేసి చూడండి. టైరు మీద మొత్తం టో 3 మిల్లీమీటర్లు తప్పితే ఒక్కో చక్రం 0.15 డిగ్రీలు వంకరగా ఉన్నట్లు. అంటే ప్రతి కిలోమీటరుకు ఆ టైరు సుమారు 2.6 మీటర్లు పక్కకు రుద్దుకుంటూ పోతుంది. ఒకటిన్నర డిగ్రీల క్యాంబర్ వల్ల లోపలి అంచు కొంచెం ముందుగా అరుగుతుంది, అంతే. టైరును తినేది టో.

అలైన్‌మెంట్ కేంద్రంలో

స్ప్రింగులు స్థిరపడ్డాక నాలుగు చక్రాల అలైన్‌మెంట్ యంత్రం ఉన్న చోటికి వెళ్ళండి. మీ అంకెలు కాగితం మీద రాసి ఇచ్చి, క్యామ్ బోల్టులు అన్నీ సర్దుతారా, డ్రైవరు సీటులో బరువు పెట్టనిస్తారా అని బేరం కుదిరే ముందే అడగండి. తెర మీద అంకె ఆకుపచ్చగా మారితే చాలు అనేచోట ఈ పని చేయించకండి. ఆ ఆకుపచ్చ హద్దులు కంపెనీ ఇచ్చిన పాత ఎత్తుకు సంబంధించినవి, పైగా చాలా వెడల్పుగా ఉంటాయి. ఎడమ చక్రం ఒక చివరి హద్దు దగ్గర, కుడి చక్రం ఇంకో చివరి హద్దు దగ్గర ఉన్నా యంత్రం బాగుందనే చూపిస్తుంది. కాగితం చేతికి వచ్చాక కుడి ఎడమల క్యాంబర్ తేడా 0.2 డిగ్రీల లోపు ఉందో లేదో, థ్రస్ట్ కోణం (వెనుక చక్రాలు కారును తోసే దిశకూ కారు నడిమి గీతకూ మధ్య కోణం) దాదాపు సున్నా ఉందో లేదో చూడండి. క్యామ్ చివరిదాకా తిప్పినా క్యాంబర్ అందకపోతే కారు మరీ కిందికి దిగిందని గానీ, బుష్ చచ్చిపోయిందని గానీ, ఎప్పుడో తగిలిన దెబ్బకు ఏదో ఒక ఆర్మ్ వంగిందని గానీ అర్థం.

రోడ్డు మీద పరీక్ష

మొదట ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి బ్రేకు వేసి చూడండి. గుంతలో టక్ మనే శబ్దం వస్తే కడ్డీ నట్టునో బార్ లింకునో అనుమానించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి స్పీడ్ బ్రేకర్ ఎక్కించినప్పుడు టైరు ఎక్కడా తాకకూడదు. సుమారు 80 కిలోమీటర్ల తర్వాత చక్రం నట్టులను టార్క్ రెంచితో మళ్ళీ సరిచూడండి. ముందూ వెనుకా సమానంగా దిగకపోతే హెడ్‌లైట్ల వెలుగు పడే ఎత్తు మారుతుంది, రాత్రి గోడ ముందు నిలిపి దాన్ని కూడా సర్దండి.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక టైరు మీద అరచేయి అడ్డంగా, లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపపు పళ్ళలా తగిలితే టో తప్పింది. రెండు ముందు టైర్లకూ లోపలి అంచే త్వరగా నున్నబడుతుంటే, క్యాంబర్‌ను ముట్టుకునే ముందు దారాలు కట్టి టో మళ్ళీ కొలవండి.